మడి దండెం

మా పెరట్లో ఒక ఓడ దీపం ఉండేది. మందపాటి గాజు బుడ్డి, దాని చుట్టూ ఇత్తడి చట్రం, మూతి దగ్గర నీటి చుక్క కూడా దూరకుండా రబ్బరు చుట్ట. ఏ దేశపు ఓడలోనో, ఏ మెట్ల దారిలోనో వెలిగి వెలిగి, చివరికి రేవు దగ్గర పాత సామాన్ల అంగడికి చేరి, అక్కడి నుంచి ఆనందపురం రోడ్డులో మా వంటపాక చూరు కిందకి వచ్చింది. తెల్లవారుజామున అది వెలిగితే పెరడంతా పల్చటి తేనె రంగులో మునిగేది. ఇప్పటికీ నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఆ వెలుతురు నాకు కనబడుతుంది. అందులో తడి చీరతో ఒక మనిషి నడుస్తూ ఉంటుంది. ఆవిడ మా అత్తగారు.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు ఆవిడ మడి గురించి చెప్పాలి. ఇంకా చీకటి ఉండగానే లేచేది. పెరట్లో చన్నీళ్ళు నెత్తిన పోసుకునేది. ముందురోజు ఎవరి చెయ్యీ తగలకుండా ఎత్తుగా ఆరేసిన చీరని పొడుగాటి వెదురు కర్రతో దించి కట్టుకునేది. అప్పుడు పొయ్యి రాజేసి వంట. ఆ వంటయ్యి, దేవుడికి చూపించి, తను నాలుగు మెతుకులు తిని లేచేదాకా ఆవిడ్ని ఎవరూ ముట్టుకోకూడదు. కొడుకైనా సరే, మనవరాలైనా సరే. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి పట్టలేక అడిగేశాను, నేనంటే మీకంత అసహ్యమా అని.

"నీ గురించి కాదే పిచ్చిదానా," అంది. "పొద్దస్తమానం నేను మీ అందరిదాన్నీ. ఆ కాసేపూ నేను ఎవరిదాన్నీ కాను."

ఆ మాట నాకు అప్పట్లో అర్థం కాలేదు. అర్థం కాని మాటలకి నాకు కోపం రావడం మామూలే.

మా వాళ్ళది గోదావరి జిల్లా. మా ఆయనకి విశాఖ పోర్టులో ఉద్యోగం రావడంతో అందరం ఇక్కడికి చేరాం. మొదట ఊళ్ళో అద్దె వాటాలో ఉండేవాళ్ళం. అన్ని వాటాలకీ కలిపి ఒకటే కుళాయి, ఒకటే దండెం. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అత్తగారు తనలో తను ముడుచుకుపోయి బతికింది. తొంభైల నడుమ, ఆనందపురం వైపు స్థలాలు ఇంకా మాలాంటివాళ్ళకి అందుబాటులో ఉన్న రోజుల్లో, మా ఆయన కొంచెం నేల కొని రెండు గదుల ఇల్లు కట్టారు. చుట్టూ జీడితోటలు, ఎర్రమన్ను, ఆ పైన కొండలు. సముద్రం కనబడేది కాదు గానీ గాలి మళ్ళితే ఉప్పు వాసన వచ్చేది. ఆయన రోజూ బస్సెక్కి మద్దిలపాలెంలో దిగి, ఇంకో బస్సు పట్టుకుని రేవుకి వెళ్ళేవారు. సాయంత్రం దారి దుమ్మంతా మోసుకుని ఇల్లు చేరేవారు. ఒక్కనాడూ విసుక్కోలేదు. విసుక్కోవడం మా ఇంట్లో నా వంతు.

ఆ ఇంట్లో అత్తగారు కోరుకున్నది ఒక్కటే. పెరటి చివర, నూతికి అవతల, తన మడివంటకి ఒక చిన్న పాక. తాటాకు కప్పు, మట్టి అరుగు, కట్టెల పొయ్యి. అది లేచిన రోజున ఆవిడ మొహం చూశాను. ఊళ్ళో అద్దె వాటాలో ఎక్కడో పారేసుకున్న మనిషి మళ్ళీ దొరికినట్టుంది.

ఇంట్లోకి కరెంటు వచ్చింది గానీ పెరట్లోకి రాలేదు. ఆవిడ లాంతరు పట్టుకుని నూతి దగ్గరకి వెళ్ళేది. కిటికీలోంచి చూస్తే లాంతరు ఒక్కటే కనబడేది, మంచులో మెల్లగా కదులుతూ. చూడ్డానికి ఎంతో బాగుండేది. కానీ కళ్ళకి శుక్లాలు తీయించుకున్నాక కూడా మసక వెలుతురులో ఆవిడకి నేల ఆనేది కాదు. ఒక తెల్లవారుజామున నూతి చప్టా మీద నాచుకి కాలు జారి పడింది. చప్పుడు విని పరిగెత్తాం. కింద పడి ఉండి కూడా, "ముట్టుకోకండి! మడి!" అంటూ చెయ్యి అడ్డం పెట్టింది. నూతి గోడ పట్టుకుని తనే లేచింది. మా ఆయనా నేనూ చేతులు చాపుకుని అలాగే నిలబడిపోయాం. ఇక పెరట్లోకి దీపం రావలసిందేనని ఆయన ఆ రోజే తీర్మానించారు.

పోర్టు వర్క్‌షాపులో కరెంటు పని చేసే స్నేహితుడు ఒకతను ఉండేవాడు ఆయనకి. సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టినవాడు. అతని అన్నలు ఇంకా చేపల వేటకి వెళ్తూనే ఉండేవారు. మా ఆయన్ని బావా అని పిలిచేవాడు, ఆ వరసన నన్ను సెల్లెమ్మా అనేవాడు. ఒక ఆదివారం నిచ్చెనతో సహా దిగాడు. ఇంటి చూరు నుంచి పాక దగ్గర పాతిన సరుగుడు గుంజ దాకా గాల్లో ఇనప తీగ లాగాడు. దాని వెంబడి కరెంటు వైరు. ఉత్త వైరు గాలికి ఊగి తెగిపోకుండా ఇనప తీగ ఊతమన్నమాట. రెంటినీ కలిపి కట్టడానికి జేబులోంచి వల అల్లే నైలాన్ దారం తీశాడు. జానెడుకో ముడి. వేళ్ళు కదలడం కనబడేది గానీ ముడి పడడం కనబడేది కాదు.

"నాను కట్టిన ముడి ఊడదు సెల్లెమ్మా. సొర సేప లాగినా ఊడదు. మా అయ్య నేర్పినాడు," అన్నాడు పైనుంచి.

నిజంగానే చూడముచ్చటగా ఉంది. నీలం ముడులు వరసగా, ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు. సాయంత్రం పాకలో బల్బు వెలిగితే అత్తగారు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. పొయ్యి, పోపుల పెట్టె, గోడకి తగిలించిన అట్లకాడ, అన్నీ అప్పుడే పరిచయమైనట్టు చూసింది.

అతను సామాను సర్దుకుని వెళ్ళాడో లేదో, ఆవిడ పసుపు నీళ్ళు తెచ్చి పాకంతా చల్లడం మొదలుపెట్టింది. అతను లోపలికి వచ్చి పని చేశాడు గదా, మళ్ళీ మడి చేసుకోవాలి. గోడల మీద, అరుగు మీద, ఆఖరికి కొత్త స్విచ్ బోర్డు మీద కూడా చల్లబోయింది. నేను కెవ్వుమన్నాను. అదే క్షణాన, మర్చిపోయిన కటింగ్ ప్లయరు కోసం అతను వెనక్కి వచ్చాడు. చూశాడు. నాకు ఆ పూట నేల చీలితే బాగుండుననిపించింది.

"జల్లుకోండమ్మగోరూ, జల్లుకోండి," అని నవ్వాడు అతను. "బోర్డు మీద మాత్తరం ఒద్దు. కరెంటుకి మడీ మైలా తెలవదు."

అతని నవ్వు నోటి దగ్గరే ఉంది, కళ్ళ దాకా రాలేదు. అత్తగారు చెంబు కింద పెట్టేసింది. నేనే, అతను వెళ్ళాక, ఆవిడ్ని నోటికొచ్చినట్టు దులిపేశాను. ఎండలో నిచ్చెనెక్కి మీకు దీపం పెట్టినవాడికి ఇదా మర్యాద అన్నాను. ఆవిడ ఎదురు చెప్పకపోవడం అదే మొదటిసారి.

ఆ చలికాలం ఒక పొద్దున కాఫీ గ్లాసుతో పెరటి గుమ్మంలోకి వచ్చాను. కొండల మీంచి మంచు దిగి పెరడంతా కమ్మేసింది. నుయ్యి లేదు, పాక లేదు, జామచెట్టు లేదు. ఆ తెలుపులో నా తలకి చాలా పైన ఆవిడ మడి చీరా, ఒక తువ్వాలూ తేలుతున్నాయి. కింద నేల లేదు, పైన ఆకాశం లేదు, బట్టలు మాత్రం నెమ్మదిగా ఊగుతున్నాయి. అంత అందమైన దృశ్యం నేను మళ్ళీ చూడలేదు. చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. అవి దేని మీద ఆరేసి ఉన్నాయో తట్టేసరికి చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"అత్తయ్యా! ఏ తీగ మీద ఆరేశారు?"

"ఉన్న తీగ మీదేనే. ఎత్తుగా ఉంది, ఎండ తగుల్తుంది, నీ కూతురు ఎగిరినా అందదు. ఇంతకంటే మంచి మడి దండెం ఈ చుట్టుపక్కల ఎవరికుందిటే?"

"అది దండెం కాదు! కరెంటు తీగ!"

"కరెంటు నల్ల వైరులో ఉంది. నేను ఆరేసింది ఇనప తీగ మీద. ఆపాటి తెలీదుటే నాకు?"

మా ఆయన కూడా వైరుకి తొడుగుంది కదా, ఏం కాదులే అన్నారు. నేను ఎదురుగా ఉంటే ఆవిడ తీగ మీది బట్టలు దించేసేది, నేను అటు తిరిగితే మళ్ళీ ఆరేసేది. నా మాట ఎవరు విన్నారు గనక! కొన్నాళ్ళు సణిగి సణిగి నేనూ ఊరుకున్నాను. కళ్ళకి అలవాటైపోయింది. తెల్ల బట్టలు ఆకాశంలో ఊగడం మా పెరటికి సహజమే అనిపించేది.

వానాకాలం వచ్చింది. ఒక పొద్దున అత్తగారు వంట ముగించుకుని వచ్చి, ఏదో పక్కింటి కబురు చెబుతున్నట్టు అంది:

"బట్ట దించుతుంటే కర్ర జుమ్మంటోందే అమ్మాయ్. గాలి ఎక్కువగా ఉంది కాబోలు."

గాలి లేదు. పెరట్లో ఆకు కదలడం లేదు.

నేను పరిగెత్తి మెయిన్ ఆపేశాను. మా ఆయన సాయంత్రం స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. అతను నిచ్చెనెక్కి, ఒక్కొక్క ముడీ చూసుకుంటూ ఇంటి చూరు దాకా వచ్చి, దిగి, బురదలోనే కూర్చుండిపోయాడు. ఏడాది పాటు ఉప్పుగాలికి తీగ ఊగిన కొద్దీ నైలాన్ దారం వైరు తొడుగుని కోసుకుంటూ పోయింది. ముడి ఊడలేదు. ఊడి ఉంటే బాగుండేది. లోపలి రాగి ఇనప తీగని తాకింది. దాని మీద తడి బట్టలు ఆరేసింది మా అత్తగారు, ఒంటి నిండా నీళ్ళతో, కాళ్ళకి చెప్పులు లేకుండా. మడిలో చెప్పులు ఎలా వేసుకుంటుంది? కర్ర పాతదీ, పాక చూరులో పొడిగా దాచుకున్నదీ గనక సరిపోయింది. దించుతున్న చీర కొంగు ఒక్కసారి ఆవిడ భుజానికి తగిలి ఉంటే...

"సముద్రం మీద ముడి ఎంత బిగిత్తే పేనానికి అంత బద్రం సెల్లెమ్మా," అన్నాడు అతను తల ఎత్తకుండా. "ఇక్కడ ఆ బిగువే ఇలగ సేసింది. ఇలగవుతాదనుకోనేదు నాను."

ఎవరినేమనగలం? ఒకరు ఊడని ముడి వేశారు, ఇంకొకరు ఎవరూ అందుకోలేని దండెం ఎంచుకున్నారు. ఇద్దరూ తమ తమ పెద్దలు నేర్పిన పని పొల్లుపోకుండా చేశారు. నేను అతనికి మంచినీళ్ళు ఇచ్చాను. అత్తగారు పాక గుమ్మంలో నిలబడి అతన్నే చూస్తోంది.

మా ఆయన నెమ్మదస్తులు గానీ భయపడితే మొండి. పెరట్లోకి కరెంటే వద్దు, పాక కూడా వద్దు, పొయ్యి ఇంట్లో పెట్టుకోమన్నారు. అత్తగారు వాదించలేదు. "అలాగేరా," అంది. మర్నాటి నుంచి ఆవిడ వండడం మానేసింది. రెండు అరటిపళ్ళు తిని, ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చునేది. స్నానం చేసి, మడి కట్టుకుని, చెయ్యడానికి ఏ పనీ లేకుండా. భోజనానికి రమ్మని పిలుద్దామని ఒకరోజు పాక దాకా వెళ్ళి, ఆవిడ వీపు చూసి వెనక్కి వచ్చేశాను. పొద్దస్తమానం నేను మీ అందరిదాన్నీ అన్న మాట అప్పుడు నా బుర్రకెక్కింది. ఆ కాసేపూ తీసేసుకుంటే ఇక ఆవిడకి మిగిలేదేమిటి? నాకు ఆవిడంటే ఇంత ఇష్టమని నాకే తెలియదు. ఇన్నేళ్ళూ తిట్టుకున్న మడి కోసం ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో నేనే పోట్లాడాను. పాక ఉంటుంది, దీపం ఉంటుంది, మడి ఉంటుంది, మనిషి కూడా ఉంటుంది అన్నాను. ఎలాగని అడిగారు. ఎలాగో నాకప్పటికి తెలియదు. తెలియకపోయినా గట్టిగా మాట్లాడ్డం నాకు వచ్చు.

కొన్నాళ్ళు తెల్లవారుజామున లేచి కిటికీ దగ్గర కూర్చున్నాను. లాంతరు మళ్ళీ వచ్చింది గదా, దాని వెలుతురులో ఆవిడ చేసే ప్రతి పనీ చూశాను. ఎక్కడ నిలబడి నీళ్ళు పోసుకుంటుంది, ఆ నీళ్ళు ఎటు పారతాయి, చీర పిండితే ఎంత దూరం చిమ్ముతుంది, ఒరిగినప్పుడు ఏ గుంజ పట్టుకుంటుంది, చెయ్యి చాపితే ఎంత ఎత్తు అందుతుంది. తడి ఒంటితో మెల్లగా తిరిగే ఆ మనిషిని చూస్తుంటే నాకు మగతగా ఉండేది. పూజ చూస్తున్నట్టుండేది. పెరట్లో వైరు ఎక్కడ ఉండాలా అని మొదట ఆలోచించాను. ఆవిడ చెయ్యి ఎక్కడెక్కడికి వెళ్తుందో చూసి, అక్కడ లేకుండా చెయ్యాలని తర్వాత తోచింది.

ఆదివారం ముగ్గు పిండి తీసుకుని పెరట్లోకి దిగాను. ఆవిడ ఒంటి మీద నీళ్ళు పడే మేరంతా పెద్ద సున్నా చుట్టాను. ఇంటి గోడ నుంచి పాక దాకా, ఆ సున్నాని తప్పించుకుంటూ ఒక గీత గీశాను. మా ఆయనా, స్నేహితుడూ, అత్తగారూ తలో పక్క నిలబడి చూశారు.

"మల్లెపొద వేళ్ళు తెగుతాయే. ఇటు తిప్పు," అంది అత్తగారు. తిప్పాను.

"ముగ్గు బాగుంది సెల్లెమ్మా. గొయ్యి తవ్వీసరికి నా నడుం పడిపోద్ది," అన్నాడు అతను. అప్పటికి కొంచెం తేరుకున్నాడు.

ఇక గాల్లో ఏ తీగా వద్దనుకున్నాం. ముగ్గు వెంబడి మోకాలి లోతు గొయ్యి తవ్వి, అడుగున ఇసక పోసి, గొట్టంలో వైరు పెట్టి, మళ్ళీ ఇసక పోసి, పైన ఇటుకలు పరిచారు. రేపెవరో మొక్క నాటడానికి గునపం వేస్తే ముందు ఇటుక తగలాలి, ఇటుక తగిలితే మనిషి ఆగుతాడు అన్నారు మా ఆయన. ఎలాగూ తవ్వుతున్నాం కదా అని నూతికి మోటారు కూడా పెట్టించారు. మడినీళ్ళ బిందెలు తోడి తోడి అమ్మ చేతులు అరిగిపోయాయన్నారు. దీపానికీ మోటారుకీ రెండింటికీ స్విచ్చులు ఇంట్లో, వంటగది పక్క పొడి గోడకి పెట్టాం. పెరట్లో ఒక్క స్విచ్చు కూడా ఉండకూడదన్నాను. తడి చేత్తో అత్తగారు దేన్నీ నొక్కే పని లేదు. దీపం కావాలంటే నన్ను పిలవాలి.

ఆ స్విచ్చుల పక్కనే ఒక చిన్న పెట్టె బిగించాడు స్నేహితుడు. కరెంటు దారి తప్పి నేలలోకో మనిషిలోకో పోతోందంటే కన్ను మూసి తెరిచేలోగా అది టక్కుమని పడిపోయి సరఫరా ఆపేస్తుందట. అప్పటికి మా చుట్టుపక్కల ఇళ్ళలో ఎవరికీ లేదు. దానికో బొత్తాం ఉంది, అప్పుడప్పుడూ నొక్కి చూడమన్నాడు. నొక్కితే దీపం ఆరిపోయేది. ఆవిడ పాకలో ఉన్నప్పుడు నొక్కానంటే, "దీపంతో ఆటలేమిటే!" అని కేకలేసేది.

ఎర్తు గొయ్యి తవ్విన రోజు మాత్రం మరిచిపోలేను. దారి తప్పిన కరెంటు మనిషిలోకి కాక నేలలోకి దిగిపోయేలా, మోటారు ఇనప ఒంటినీ, పైపుల్నీ తీగతో ఆ గోతికి కలపాలి. గోతిలో గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గులు, ఒక వరస ఉప్పు పొయ్యాలన్నాడు. అత్తగారు బుగ్గన వేలు పెట్టుకుంది.

"ఉప్పూ బొగ్గూ వేసి పూడుస్తారా? ఎవరి మీద చేతబడిటే ఇది?"

అందరం నవ్వాం. అతను కూడా కళ్ళనిండా నవ్వాడు. బొగ్గులు బజారు నుంచి తెస్తానంటే ఆవిడ వద్దంది. తన పొయ్యిలోవే ఏరి, జల్లించి, బుట్టతో తెచ్చి గోతి ఒడ్డున పెట్టింది.

"ఈ గొయ్యి ఎండిపోకూడదమ్మగోరూ. ఎండితే పని సెయ్యదు. రోజూ సెంబుడు నీల్లు పోత్తే సాలు," అన్నాడు అతను.

ఆవిడ దాన్ని వ్రతంలా పట్టుకుంది. రోజూ తులసికి ఒక చెంబు, ఆ వెంటనే ఎర్తు గోతికి ఒక చెంబు. దానికేదో మంత్రం కూడా చదివేదేమో, పెదాలు కదిలేవి.

అన్నీ అయ్యాక అతను ఓడ దీపం తెచ్చాడు. రేవు దగ్గర అంగడిలో తనే వెతికి, తోమి, కొత్త రబ్బరు వేసి తెచ్చాడు. సముద్రం మీద తుపానుకి తట్టుకున్నది మీ వానకి ఎంత అన్నాడు. దాన్ని బిగించాక జేబులోంచి మళ్ళీ ఆ నీలం దారం తీశాడు. నేను వద్దనబోయాను. అతను కరెంటు జోలికి పోలేదు. పెరటి అవతలి పక్క, వైర్లకి దూరంగా, పాతిన రెండు సరుగుడు గుంజల మధ్య లావుపాటి తాడు ఎత్తుగా కట్టాడు. అవే ముడులు.

"ఇది మీ దండెం అమ్మగోరూ. ఏనుగునారేసినా ఊడదు," అన్నాడు.

ఆవిడ పసుపు నీళ్ళ కోసం వెళ్తుందనుకుని నేను ముందే మొహం తిప్పుకున్నాను. వెళ్ళలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఆ తాడు మీద మడి చీర ఆరుతోంది. తాడు పొడిగానే ఉంది, ఎక్కడా పసుపు మరక లేదు.

ఆ తర్వాతి ఏళ్ళు నాకు ఒకటే తెల్లవారుజాములా గుర్తున్నాయి. "అమ్మాయ్, దీపం!" అని కేక. దుప్పటి తన్నేసి, గొణుక్కుంటూ, కళ్ళు మూసుకునే గోడ తడుముకుంటూ వెళ్ళి స్విచ్చు వేసేదాన్ని. కిటికీ అద్దం తేనె రంగుకి తిరిగేది. "అమ్మాయ్, మోటారు!" ఇంకో స్విచ్చు. నీళ్ళ చప్పుడు. నేను గోడకి తల ఆనించి నిలబడే నిద్రపోయేదాన్ని. పొయ్యి పొగ, తడి మన్ను వాసన, మల్లెల వాసన, బిందె నిండుతుంటే సన్నబడే చప్పుడు, అన్నీ నా నిద్రలోకి వచ్చి పోయేవి. మా అమ్మాయి పెద్దదై కాలేజీకి వెళ్ళింది. రోడ్డు వెడల్పయింది, జీడితోటలు ఒక్కొక్కటీ ఇళ్ళయిపోయాయి. మా పెరట్లో మాత్రం రోజూ అదే ఓడ అదే రేవుకి వచ్చి ఆగేది. పిలుపుకి లేచినందుకు ఆవిడ ఒక్కనాడూ నన్ను మెచ్చుకోలేదు. లేవడం ఆలస్యమైతే మాత్రం తిట్టేది.

రెండు వేల సంవత్సరం దాటాక, అలాంటిదే ఒక ముసురు పొద్దు. రాత్రంతా వాన కురిసి అప్పుడే సన్నబడింది. ఆవిడ స్నానం అయినట్టుంది, పాక తలుపు చప్పుడైంది. "అమ్మాయ్, మోటారు!" అంది. వేశాను. మోటారు రొద, బిందెలో నీళ్ళ చప్పుడు. గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను.

నా చెవి పక్కనే పెట్టెలో టక్కుమంది. దీపం ఆరింది. మోటారు ఆగింది.

అరటాకు మీద చినుకు పడడం వినబడింది. ఆవిడ గొంతు వినబడలేదు. అత్తయ్యా అని పిలుద్దామంటే నాకు నోరు రాలేదు. పిలిస్తే పలకకపోతే?

"ఏమే! దీపం ఎందుకార్పావే? పెద్దదానివయ్యావు, ఇంకా ఆటలేనా నీకు? ఆ బొత్తాం నొక్కడానికి ఇదేనా వేళ?"

నేను ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. చీకట్లో బురద తొక్కుకుంటూ, గొంతు వచ్చిన వైపు వెళ్ళి, తడి చీరతో సహా ఆవిడ్ని గట్టిగా పట్టేసుకున్నాను.

"ఒసే! మడే! ముట్టుకోకే! నీకేమైనా పిచ్చెక్కిందా?"

వదల్లేదు. ఆవిడ తోసింది. అయినా వదల్లేదు.

"పైపు పట్టుకున్నానే. ఏదో చీమ కుట్టినట్టు చురుక్కుమంది, అంతలో దీపం పోయింది," అంది గొణుగుతూ.

రాత్రి వానకి మోటారులోకి నీళ్ళు దిగి, కరెంటు దాని ఇనప ఒంట్లోకి వచ్చిందని తర్వాత విప్పి చూస్తే తెలిసింది. అది తీగ వెంట ఎర్తు గోతిలోకి పోయింది. రోజూ ఆవిడ చెంబుతో తడుపుతున్న గోతిలోకి, ఆవిడ పొయ్యి బొగ్గుల్లోకి. ఆవిడకి చీమ కుట్టినంత మిగిలింది. అప్పటికి నాకివేవీ తెలియవు. ఆవిడ ఒళ్ళు చల్లగా, తడిగా, కోపంతో వణుకుతూ నా చేతుల్లో ఉంది. అది చాలు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఇన్నేళ్ళలో ఆవిడ్ని మడిలో తాకడం అదే మొదలు.

తోసే చేతులు కాసేపటికి ఆగాయి. ఒకటి వచ్చి నా వీపు మీద పడింది.

"ఎందుకే ఏడుస్తావు? ఇప్పుడు నిన్ను ఏమన్నానని?"

ఆవిడ తడి కొంగుతోనే మొహం తుడుచుకున్నాను.

"చూడు, మళ్ళీ తల మీంచి పోసుకోవాలి. ఆ మోటారు కూడా చెడగొట్టావు. పో, చేద తీసుకురా. తోడు."

తోడాను. గిలక కిర్రుమంటుంటే, చీకట్లో, బాల్చీ వెనక బాల్చీ. ఈ కాలపు కోడళ్ళకి మడీ లేదు, తెలివీ లేదు, పెద్దంతరం చిన్నంతరం లేదు అని ఆవిడ చెంబు చెంబుకీ నన్ను తిడుతూనే ఉంది. నేను ఒక్క మాటకీ ఎదురు చెప్పకుండా, ఆ తిట్లు ఎక్కడ అయిపోతాయోనని భయపడుతూ, తోడుతూనే ఉన్నాను.